సబ్బులో మిగిలిన పైసలు

(ధ్యానమునకు: యిర్మీయా 2:22; మార్కు 14:3-9; యోహాను 6:12; 2 సమూయేలు 24:24)



సబ్బును గూర్చి సంఘ పత్రికలో వ్రాయుటేమని కొందరు నవ్వవచ్చును. రక్షణ, పరిశుద్ధత, ప్రభువు రాకడ వంటి గొప్ప సంగతులుండగా బట్టలుతుకు పొడి లెక్క మనకెందుకని అడుగవచ్చును. అయితే ప్రవక్తలు చాకిరేవును చూచి సిగ్గుపడలేదు. యెషయా ఆహాజు రాజును ఎదుర్కొనుటకు పోయినది చాకిరేవు త్రోవకే (యెషయా 7:3). మలాకీ రాబోవు ప్రభువును చాకలివాని సబ్బుతో పోల్చెను (3:2). కొండమీద ప్రభువు వస్త్రముల తెలుపును మత్తయి వెలుగుతో పోల్చగా, మార్కు మాత్రము లోకములో ఏ చాకలియు అంత తెల్లగా చేయజాలడని వ్రాసెను (9:3). పరలోక మహిమను కొలుచుటకు ఆయనకు చేతికందిన కొలబద్ద ఒక కష్టజీవి పని!

51వ కీర్తనలో మరియొక సంగతి గలదు. హెబ్రీ భాషలో కడుగుటకు రెండు మాటలున్నవి. ఒకటి ఒంటిని కడుగుకొనుటకు, మరియొకటి బట్టలను నీటిలో వేసి త్రొక్కి ఉతుకుటకు. దావీదు తన పాపము పోవలెనని వేడుకొనునప్పుడు ఈ రెండవ మాటను వాడెను. అనగా మురికి గుడ్డను చాకలి త్రొక్కినట్లు నన్ను త్రొక్కి ఉతుకుమని దేవుని అడిగెను. ఎండలో బండమీద దుప్పటి బాదిన స్త్రీకి ఈ ప్రార్థన అర్థమైనంతగా, పండితునికి అర్థము కాదేమో.

యిర్మీయా చెప్పిన క్షారమును సబ్బును మన ప్రాంతపు పెద్దలకు క్రొత్తవి కావు. ఆ దినములలో క్షారమనగా ఉప్పు సరస్సుల అంచున తేలు సోడా. సబ్బనగా కొన్ని చెట్ల బూడిదనుండి దిగిన క్షారపు నీరు. మన పెద్దలు చేసినదియు దాదాపు ఇదే. చౌడు నేలల మీద తెల్లగా పొంగిన మన్ను గోకి తెచ్చి, బట్టలను ఆ నీటిలో నానబెట్టి, చాకలి బానమీద ఉబ్బ వేసి, తెల్లవారి రేవుకు మోసుకొని పోయెడివారు. పట్టుబట్టకును ఉన్నికంబళికిని కుంకుడుకాయ రసము. అది మన అడవులలో దొరకెడిది. కాసు ఖర్చు లేదు, కష్టమే ఖర్చు.

తరువాత అంగడి సబ్బు వచ్చెను. లీవర్ వారి సన్‌లైట్ సబ్బు 1888లో కలకత్తా రేవున దిగెను. సర్ఫు పొడి మన దేశపు అంగళ్ళకు 1959లో వచ్చెను. అది కలిగినవారి ఇండ్లకే చాలినది. 1969లో అహమ్మదాబాదులో కర్సన్‌భాయి పటేలు అనునొకరు తన యింటిలోనే పసుపుపచ్చని పొడి కలిపి, సైకిలు మీద పెట్టుకొని ఇల్లిల్లు తిరిగి చవుకగా అమ్మ నారంభించెను. అదే నిర్మా. దానివలన పొడి అనునది పేదవాని పెరటిలోనికిని వచ్చినది. అయినను మన పల్లెలలో ఏ పొట్లము కొన్నను "సర్ఫు" అనియే పిలుతురు. పేరు పెద్దకంపెనీది, సరుకు చిన్నకంపెనీది! సంతలో ఈ అలవాటును ఆసరా చేసికొని, పేరులో ఒక అక్షరము మార్చిన పొట్లములు అంటగట్టువారును ఉన్నారు గనుక చదువు వచ్చిన పిల్లలచేత పేరు చదివించి కొనుట మంచిది.

ఇక మన ప్రాంతపు అసలు చిక్కు నీరు. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెలలో అనేక బావులు, బోర్లు ఉప్పునీరు ఇచ్చును. పడమటి మండలములలో వెయ్యి అడుగుల వరకు బోరు దింపిన రైతులు మనకు తెలియనివారు కారు. నేల లోతులనుండి వచ్చు నీటిలో సున్నపు లవణములు కరగియుండును. బిళ్ళసబ్బు వాటితో కలిసినప్పుడు నురుగు రాక తెల్లని తెట్టుగా విరిగిపోవును. ఆ తెట్టు బట్టకే అంటుకొనును. ఇల్లాలు నురుగు రాలేదని మరల రుద్దును, మరల విరుగును. ఈ విధముగా సగము బిళ్ళ బట్టకు గాక నీటికే పోవుచున్నది. సబ్బు ఎక్కువ ఖర్చగుట ఆమె దుబారా వలన కాదు, నీటి దోషము వలన. ఇది మొదట భర్తలు తెలిసికొనవలెను.

ఇందుకు తెలిసిన ఉపాయములు కొన్ని ఉన్నవి. ఉప్పునీటిలో చారెడు బట్టల సోడా ముందుగా కలిపి ఉంచిన యెడల సున్నము అడుగున దిగిపోవును, తరువాత సబ్బు కొంచెమే చాలును. సోడా చేతులను తినును గనుక చెక్కతో కలుపవలెను. పట్టుకును ఉన్నికిని తగలనీయరాదు. వానాకాలములో పైకప్పు నీటిని తొట్టెలో పట్టుకొనినవారు ఆ నీటిలో సబ్బు ఎంత మిగులునో తామే చూతురు. పొడి ఉప్పునీటిలో బిళ్ళవలె విరుగదు గాని, ఎక్కువ వేసినంత మాత్రమున బట్ట ఎక్కువ తెల్లబడదు. నురుగు మురికిని తీయదు. ఎక్కువైన నురుగును వదిలించుటకు మరి రెండు బిందెల నీళ్ళు కావలెను. రాత్రి నానబెట్టి ఉదయము ఉతికిన బట్టకు సగము రుద్దుడు చాలును. బిళ్ళను తడి బండమీద వదలక కొబ్బరిపీచు మీద ఆరబెట్టవలెను. అరిగిన ముక్కలను పాత గుడ్డలో మూటగట్టి వాడవచ్చును. మామిడి కోతల దినములలో పడిన సొన మరక మాత్రము వీటిలో దేనికిని లొంగదు. కోతకు పాత చొక్కా తొడుగుకొని పోవుటయే దానికి మందు.

కొందరు ఇంటిలోనే కాస్టిక్ సోడాతో సబ్బు కాచుచున్నారు. అది చవుకే. అయితే కాస్టిక్ మీద నీళ్ళు పోసిన యెడల పొంగి కన్ను పోవును. నీటిలో కాస్టిక్కును కొద్దికొద్దిగా వేయవలెను గాని, కాస్టిక్కులో నీళ్ళు పోయరాదు. చిన్నపిల్లలున్న యింటిలో ఈ పని అసలే వద్దు. పదిరూపాయల మిగులుకు బిడ్డ కన్ను వెల కట్టగలమా?

ఇంతవరకు గృహిణులకు మాకంటె బాగుగా తెలిసిన సంగతులే. మేము అడుగగోరు ప్రశ్న వేరు. సబ్బులో మిగిలిన పైసలు ఎవరి చేతినుండి వచ్చినవి?

మా స్త్రీల సమాజములో పొదుపును గూర్చి మాటలాడుచుండగా ఒక సహోదరి ఇట్లనెను: "మా ఇంటాయన నెలకి రెండు బిళ్ళలే తెస్తానన్నాడు అయ్యగారూ. రెండింటితోనే సరిపెడతా ఉండాను. బిళ్ళలైతే మిగిలినాయి, నా భుజమే అరిగిపోయింది." అందరును నవ్విరి. ఆమెయు నవ్వెను. కాని ఆ మాటలో ఒక లెక్క యున్నది. సబ్బు తగ్గిన చోట రుద్దుడు పెరుగును. నీరు ఉప్పుదైన చోట మంచినీటి కొరకు నడక పెరుగును. అంగడి లెక్కలో మిగిలినది, ఆమె ఒంటి లెక్కలో ఖర్చైనది. మొదటి లెక్క వ్రాసికొనువాడు భర్త. రెండవ లెక్క ఎక్కడను వ్రాయబడదు. పగలంతయు కూలికి పోయి, ప్రొద్దుగూకిన తరువాత బండ దగ్గర కూర్చుండు స్త్రీ శరీరమునుండి తీసిన పదిరూపాయలను పొదుపు అని పిలుచుట మాకు సరిగా తోచదు. ఒకరి జేబులోని సొమ్మును మరియొకరి జేబులో వేసిన యెడల ఇల్లు ఏమియు కూడబెట్టలేదు.

ఇది ఇంటిలో మాత్రమే జరుగు సంగతి కాదు. పూర్వము ఊరి చాకలికి కూలి లేదు, మేర ఉండెడిది. కళ్ళములో ధాన్యము కొలిచినప్పుడు అతనికి ఇంత అని, సాయంకాలము ఇంటింట కూడు అని వాడుక. పంట తగ్గిన సంవత్సరము ఆసామి మొదట తగ్గించినది ఈ మేరనే. చాకలి అడుగుటకు లేదు. రేవున ఉతికిన బట్టలు మాత్రము తగ్గలేదు. యాకోబు తన పత్రికలో పొలము కోసినవారి బిగబట్టిన కూలి మొరపెట్టుచున్నదని వ్రాసినప్పుడు (5:4) ఇటువంటి పొదుపునే ఎరిగి వ్రాసెను. ఇప్పుడు ఆ మేర పోయినది. రజక కుటుంబములలో అనేకులు ఊరు విడిచి తిరుపతి వంటి పట్టణములలో లాడ్జీల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ బండి పెట్టుకొని బ్రదుకుచున్నారు. బేరమాడుట తప్పు కాదు గాని, ఇస్త్రీ బండి దగ్గర ఒక రూపాయి కొరకు పావుగంట బేరమాడి, ఆ ప్రక్క అంగడిలో చెప్పిన ధరకు నోరెత్తక కొనువారిని ఏమందుము? బలహీనుని దగ్గరనే మనకు పొదుపు జ్ఞాపకము వచ్చును.

మన సంఘస్థులలో ఎక్కువమందికి ఈ కథలో మరియొక పుట యున్నది. దానిని పిల్లలు ఎరుగవలెను. మన తాతముత్తాతలలో అనేకుల బట్టలను ఊరి చాకలి ముట్టకుండెను. అతనికి ఇష్టమున్నను ఊరివారు ఒప్పుకొనరు. ఊరి చెరువు మెట్లు మనవారికి లేవు, ఊరి బావి లేదు. కుంటలో నిలిచిన బురదనీటిలో ఉతుకుకొని, మురికివారని అదే ఊరివారిచేత అనిపించుకొనిరి. నీళ్ళివ్వక మురికివాడని అనుట ఎంత సులభము! 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచేత అంటరానితనమును కొట్టివేసినది. 1955 నాటి చట్టము చెరువు, బావి, రేవు ఎవరికిని మూయరాదనియు, అంటరానితనము పేరిట పనివాడు పని నిరాకరింపరాదనియు శిక్షతో సహా చెప్పినది. చట్టమునకు ముందే, 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషను చిత్తూరు, మదనపల్లె ప్రాంతములలోను, హెర్మన్స్‌బర్గు లూథరను మిషను తిరుపతి, కాళహస్తి ప్రాంతములలోను బోర్డింగు బడులు పెట్టెను. అటువంటి బడులలో చదివిన పెద్దలు శనివారపు ఉతుకుడును ఇప్పటికిని చెప్పుకొందురు. ఆదివారము తెల్లని బట్ట కట్టుకొని గుడికి నడచుట వారికి ఆడంబరము కాదు. ఊరి నడిబజారులో తామును మనుష్యులమని మాట లేకుండ చెప్పుట అది.

కాబట్టి సబ్బు ఖర్చు తగ్గించుకొనుమని మన అవ్వలకు ఉపదేశము చేయు యువకుడు కొంచెము మెల్లగా మాటలాడవలెను. ఒక అవ్వ తన పింఛను డబ్బులో నుండి మొదట సబ్బు కొని, తరువాతనే పప్పు కొనునని ఆమె కోడలు మాతో ఫిర్యాదు చేసెను. కోడలి లెక్క తప్పని మేమనము. అవ్వ లెక్క వేరే పుస్తకములో ఉన్నదని మాత్రము చెప్పితిమి. శుభ్రతను దైవభక్తి ప్రక్కన కూర్చుండబెట్టు ఆంగ్ల సామెతను బైబిలు వచనమని తలంచువారు చాలమంది గలరు. అది బైబిలులో లేదు, జాన్ వెస్లీ తన ప్రసంగములో వాడినందున వ్యాపించినది. తెల్లబట్ట పుణ్యము కాదు. పరిసయ్యులకు తెల్లబట్టలు లేకపోయెనా! అయినను, బట్ట తెలుపు కొరకు తరతరములుగా అవమానపడిన ప్రజకు అది వట్టి బట్ట కాదు.

ఆ వెస్లీయే 1760లో ధనమును గూర్చి ఒక ప్రసంగము అచ్చు వేయించెను. చేతనైనంత సంపాదించుట, చేతనైనంత మిగుల్చుట, చేతనైనంత ఇచ్చుట అని మూడు భాగములు. సెమినరీలో మేమది చదివితిమి. దానిలో మొదటి రెండు భాగములను జ్ఞాపకముంచుకొనువారు ఎక్కువ, మూడవది జ్ఞాపకముంచుకొనువారు తక్కువ. అంతకంటె తక్కువ మందికి జ్ఞాపకమున్నది ఆయన మొదటి భాగములోనే పెట్టిన కట్టుబాటు: మన శరీరమును గాని పొరుగువాని శరీరమును గాని చెరుపుకొని సంపాదించుటకు మనకు సెలవు లేదు. సంపాదించుటకు లేని సెలవు మిగుల్చుటకు మాత్రము ఎక్కడనుండి వచ్చును?

సువార్తలలో ప్రభువు రెండు విధములుగా కనబడుచున్నాడు. అయిదువేలమందికి పంచిన తరువాత, ఏదియు పాడుకాకుండ మిగిలిన ముక్కలు పోగుచేయుడనెను. పండ్రెండు గంపలు నిండెను. రొట్టెలను పుట్టింపగలవాడు ముక్కలను లెక్కబెట్టుట ఆశ్చర్యము. కాని బేతనియలో ఒక స్త్రీ మూడువందల దేనారములకు పైగా విలువగల అత్తరు బుడ్డిని పగులగొట్టినప్పుడు, ఇది నష్టమని సణిగినవారిని ఆయన గద్దించెను. మూడువందల దేనారములనగా దాదాపు ఒక కూలివాని సంవత్సరపు కూలి. ఈ రెండు మాటలు ఒకే నోటినుండి ఎట్లు వచ్చెను?

మేము దీనిని చాల దినములు ఆలోచించితిమి. ముక్కలు పోగుచేయుడని ఆయన ఎవరితో చెప్పెనో చూడుడి. రొట్టెలు తెచ్చిన పిల్లవానితో కాదు, తిని కూర్చున్న స్త్రీలతోను కాదు, తన శిష్యులతో. వంగి ఏరినది వారి నడుములే. అత్తరు విషయములోనో, ఆ స్త్రీ పోసినది తనదే. యూదా మిగుల్పగోరినది మాత్రము ఇతరులది. బీదల పేరు చెప్పెను గాని సంచి అతని చేతిలో ఉండెనని యోహాను వ్రాయుచున్నాడు (12:6). పొదుపు మాటలలో యూదా మాటకు వంక పెట్టుటకు లేదు. లెక్క సరియే, చేయి సరికాదు.

ఈ వెలుగులో మా సహోదరి భుజమును మరల చూచితిమి. భర్త రెండు బిళ్ళలతో సరిపెట్టుమనుటకు ముందు తన చొక్కా తానే ఉతుకుకొని చూడవలెను. నాలుగు దినములు ఉతికినవాడు బట్టల సోడా కొనుటకు తానే అంగడికి పోవును. వాననీటి తొట్టె కట్టించుటకు ఇటుకలు తానే మోయును. అట్టి యింటిలో సబ్బు నిజముగా మిగులును. వారమునకు ఒక పదిరూపాయల పొట్లము మిగిలినను సంవత్సరమునకు 520 రూపాయలగును. నలువది ఇండ్ల సంఘములో 20,800 రూపాయలు. దానిని కానుకపెట్టెలో వేయుడని మేము చెప్పబోవుట లేదు. పిల్లవాని నోటుబుక్కులకు పెట్టినను, ఇల్లాలి కీళ్ళనొప్పి మందునకు పెట్టినను, దేవుని యెదుట అది చక్కని లెక్కయే.

సంఘపు ఇంటిని గూర్చియు ఒక మాట. ప్రభురాత్రి భోజనపు బల్లమీద పరచు తెల్లగుడ్డను ఎవరు ఉతుకుచున్నారు? అనేక గ్రామ సంఘములలో ఒక విధవరాలు, తన సబ్బుతో, తాను మోసిన నీళ్ళతో, ఎన్నో యేండ్లనుండి ఉతుకుచున్నది. లెక్కల పుస్తకములో ఈ ఖర్చు సున్న. సంఘము మిగుల్చుకొనినదని పెద్దలు సంతోషింతురు. దావీదు అరౌనా కళ్ళమును ఉచితముగా పుచ్చుకొనుటకు ఒప్పుకొనక ఏబది తులముల వెండి తూచి ఇచ్చెను. వెల ఇయ్యని బలిని దేవునికి అర్పింపనని చెప్పెను. అరౌనా ఇష్టపూర్వకముగానే ఇచ్చుచుండెను. అయినను రాజు ఒప్పుకొనలేదు. ఇచ్చువారి ప్రేమ పుచ్చుకొనువారి బాధ్యతను తీసివేయదు.

మా సంఘపు పెద్దల కమిటీలో ఈ సంగతి మాటకు వచ్చినప్పుడు, లెక్కల పుస్తకములో "సబ్బు, సోడా" అని ఒక వరుస గీయబడినది. మొదటి నెల ఖర్చు 45 రూపాయలు. గుడ్డ ఉతుకు అవ్వను పని మానుమని ఎవరును అనలేదు. అన్నను ఆమె మానదు. సబ్బు డబ్బును ఆమె మొదట వద్దని, తరువాత పుచ్చుకొని, "నాకు సబ్బు కాదు బరువు అయ్యగారూ, నీళ్ళు" అనెను. యువజనులు శనివారము సాయంకాలము వంతులవారీగా రెండేసి బిందెలు ఆమె వాకిట పోయుచున్నారు. వచ్చే నెల వంతుల పట్టీ గుడి తలుపునకు అంటింపబడినది. రెండు శనివారములకు ఇంకను పేర్లు వ్రాయబడలేదు.